వీపురి పరగణా ఎక్కడ అయిపోతుంది?

కౌవొలా,
1997 జనవరి 12

సైమి అక్కా,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు వేసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. చలి ఎంత ఉందంటే, పొద్దున డిపోలో బస్సును లేపడం కంటే నన్ను నేను లేపుకోవడం కష్టమైంది. మా ఆవిడ మార్కెత్తా బాగుంది. మా అమ్మాయి కాత్యా హెల్సింకీలో చదువుతోందో తిరుగుతోందో ఆ దేవుడికే తెలియాలి. బావ మోకాలు ఎలా ఉంది?

ఇక అసలు సంగతి. పేపర్లో చూసే ఉంటావు. సెప్టెంబరు ఒకటి నుంచి మా క్యూమి పరగణా ఉండదట. దాన్నీ, పక్కనున్న ఊసిమానీ, ఇంకా కొంత నేలనీ కలిపి దక్షిణ ఫిన్లాండ్ అని ఒకే పరగణా చేస్తున్నారు. గవర్నరు కచేరీ కౌవొలా నుంచి హామేన్‌లిన్నాకి వెళ్ళిపోతుంది. కచేరీ గుమాస్తాలు నా బస్సులోనే వస్తారు కదా, ముఖాలు వేలాడేసుకుని ఎక్కుతున్నారు. నిన్న ఒకాయన దిగుతూ దిగుతూ, "యుద్ధం లేదు, బాంబు లేదు, ఒక్క సంతకంతో పోయింది చూడవయ్యా డ్రైవరూ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత మూడు స్టాపుల దాకా ఆలోచనే. మన వీపురి పరగణా యుద్ధంలో పోయింది. రష్యా పట్టుకుపోగా మనకు మిగిలిన ముక్కకే క్యూమి అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ ముక్కా పోతోంది.

ఈ గోలలో నేను ఒక పని చేశాను, నవ్వకు. పెద్దవాళ్ళకి సాయంత్రం పూట చరిత్ర చెప్పే తరగతిలో చేరాను. ఔతి అనే అమ్మాయి చెబుతుంది, మన కాత్యా కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. మొదటి రోజే అందరినీ అడిగింది, మీరు ఏ పరగణాలో పుట్టారని. అందరూ చెప్పారు. నా వంతు వచ్చేసరికి నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. "ఏంటి విల్యో, పుట్టలేదా ఇంకా?" అన్నాడు పక్కనున్న ముసలాయన. తరగతంతా నవ్వు.

నేను పుట్టింది రైల్లో అని తెలుసు. 1944 జూన్‌లో, మనవాళ్ళు మన ఊరు హౌక్కలా వదిలి వస్తున్నప్పుడు. "కౌవొలా వచ్చేసింది, దాటేసింది, అంతలో నువ్వు" అనేది అమ్మ. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు. కౌవొలా దాటగానే క్యూమి నది. ఆ రోజుల్లో నదికి ఇవతల వీపురి పరగణా, అవతల ఊసిమా. నేను వంతెనకి ముందు పుట్టానా, తర్వాత పుట్టానా? చర్చిలో అడిగితే మన ఊరి పేరే రాసి ఉందన్నారు. తల్లి ఊరు రాసేస్తారట, రైలు పేరు రాయరట.

నీకప్పుడు పదిహేనేళ్ళు. నీకు గుర్తుంటుంది. చెప్పు.

తమ్ముడు
విల్యో


ఇల్మాయోకి,
1997 జనవరి 27

ఒరేయ్ విల్యో,

యాభై రెండేళ్ళు నిండి యాభై మూడు వస్తున్న మనిషివి, ఎక్కడ పుట్టానా అని ఇప్పుడు బెంగ పెట్టుకున్నావా! పుట్టావు, బతికావు, చాలదూ. నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. ఆయన పేపరు పక్కన పెట్టి, "రైలు ఏ పట్టాల మీదుందో పిల్లాడూ ఆ పట్టాల మీదే" అని మళ్ళీ పేపరు తీశాడు. మా పడమటి మనుషుల సంగతి నీకు తెలుసుగా, ఆ ఒక్క మాట అన్నాడంటే వారానికి సరిపడా మాట్లాడినట్టే.

ఆయన మోకాలు అలాగే ఉంది. డాక్టరు కోస్తానంటాడు, ఈయన కాఫీతో తగ్గుతుందంటాడు.

మా వాసా పరగణా కూడా పోతోందిలే. తుర్కు వాళ్ళ కింద పెడుతున్నారట మమ్మల్ని. ఇక్కడ ఒక్కరూ ఆ మాటెత్తడం లేదు. మన తూర్పున, కరేలియాలో అయితే ఈపాటికి పెళ్ళికీ చావుకీ అదే కబురయ్యేది, సగం మంది ఏడుస్తూ సగం మంది పాడుతూ ఉండేవాళ్ళు. నేను ఈ ఊరు వచ్చి ఇన్నేళ్ళయింది, ఇప్పటికీ నేను నోరు తెరిస్తే మా ఆడపడుచు కిటికీలోంచి బయటికి చూస్తుంది, అంత శబ్దం ఎక్కణ్ణించి వచ్చిందా అని.

నీ ప్రశ్నకి జవాబు నాకేం తెలుస్తుంది? నేను ఆవుల దగ్గర ఉన్నాను కదా. నాయనమ్మ ఉంటే చెప్పేది, బొడ్డు కోసింది ఆవిడే. నీకు ఏడేళ్ళప్పుడు పోయింది, నువ్వేమో అప్పుడు ఆవిడ జేబులో చక్కెర ముక్కల గురించి తప్ప ఏదీ అడగలేదు.

ఇంతకీ ఇదంతా దేనికి? హౌక్కలా పొలం వెనక్కి ఇమ్మని అర్జీలు పెట్టేవాళ్ళలో గానీ చేరలేదు కదా? ఆ పొలంలో ఇప్పుడు ఎవరి బంగాళదుంపలో ఉన్నాయి. వాళ్ళని తిననివ్వు.

బియ్యపు జావ నింపిన రై పిండి రొట్టెలు నిన్న కాల్చాను. నీకు పంపాలంటే దారిలోనే గడ్డకట్టి రాళ్ళవుతాయి. వచ్చి తిను.

అక్క
సైమి


కౌవొలా,
1997 ఫిబ్రవరి 16

అక్కా,

అర్జీ లేదు, పొలం లేదు. ఉత్త కుతూహలం. మార్కెత్తా దీన్ని వేరే పేరుతో పిలుస్తోందిలే.

ఈ తరగతి ఎంత బాగుందో చెప్పలేను. చిన్నప్పుడు బళ్ళో చరిత్ర పాఠం అంటే నిద్ర వచ్చేది, ఇప్పుడు బస్సు నడుపుతూ కూడా అదే. నేను రోజూ దాటే క్యూమి నది ఏమిటనుకున్నావు? ఒకప్పుడు రెండు రాజ్యాల మధ్య గీత! 1721లో వీపురి రష్యా చక్రవర్తి చేతికి పోయింది. పోయినదాన్ని తెచ్చుకుందామని స్వీడన్ మళ్ళీ యుద్ధానికి దిగి, ఇంకాస్త పోగొట్టుకుంది. 1743లో సరిహద్దు జరిగి జరిగి క్యూమి దాకా వచ్చింది. ఇవతల ఒడ్డున చేపలు పట్టేవాడు రష్యా మనిషి, అవతల ఒడ్డున గుడ్డలుతికేది స్వీడన్ మనిషి. "మరి నది మధ్యలో మునిగిపోతే ఎవరి మనిషి?" అని అడిగాను. ఔతి, "రెండు వైపుల పాస్టర్లూ మాకు సంబంధం లేదనే ఉంటారు" అంది. మంచి పిల్ల.

ఇంకోటి విను. రష్యా కింద ఉన్న రోజుల్లో మన వైపు ఊళ్ళకి ఊళ్ళు పీటర్స్‌బర్గ్ దొరలకి బహుమానంగా ఇచ్చేశారట. మన ముత్తాత తండ్రులు ఎన్నడూ ముఖం చూడని దొరకి వెట్టి చేశారు. 1812లో మన పరగణాని మళ్ళీ ఫిన్లాండ్‌లో కలిపారు, కానీ దొరలు మాత్రం కదల్లేదు. ఇంకో యాభై ఏళ్ళు దాటాక ఫిన్లాండ్ ప్రభుత్వం ఆ భూములు కొని రైతులకి వాయిదాల మీద అమ్మింది. "మన భూమి మనమే కొనుక్కున్నాం" అని నాన్న అంటూ ఉండేవాడు చూడు, తాగినప్పటి మాట అనుకునేవాణ్ణి. నిజమేనట.

నువ్వు ఆవుల దగ్గర ఉన్నానన్నావు. అది ఇంకా మంచిది! పశువుల బోగీ తలుపులు ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంచుతారట కదా గాలికి. వంతెన మీదికి రాగానే చప్పుడు మారుతుంది, బస్సులో నాకే తెలుస్తుంది, రైల్లో ఇంకా తెలియాలి. కింద నీళ్ళు కనిపించి ఉంటాయి. ఆ తర్వాత ఎంతసేపటికి ముందు బోగీలోంచి కబురు వచ్చింది? అది గుర్తొస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

నిన్ను తలచుకుంటే అసూయ కూడా వేసింది. అమ్మా వాళ్ళూ బోగీలో ఊపిరాడక ఇరుక్కుని ఉంటే, నువ్వు గడ్డి మీద కాళ్ళు చాపుకుని, దాహం వేస్తే పాలు పిండుకుని తాగుతూ, జమీందారిణిలా వచ్చావన్నమాట!

విల్యో


ఇల్మాయోకి,
1997 మార్చి 9

విల్యోకి,

ఉత్తరం అందింది.

జమీందారిణి అన్నావు. సరే.

నువ్వు పుట్టినప్పుడు నేను అమ్మ పక్కన లేను. చప్పుడూ వినలేదు, నీళ్ళూ చూడలేదు. ఇక ఆ సంగతి నన్ను అడగకు. అంత తెలుసుకోవాలని ఉంటే వంతెననే అడుగు, రోజూ దాని మీదే తిరుగుతున్నావుగా.

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. బావ మోకాలికి ఏప్రిల్లో ఆపరేషన్.

సైమి


కౌవొలా,
1997 మార్చి 23

సైమి అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో నాలుగుసార్లు చదవడానికి తగినన్ని మాటలు కూడా లేవు. నేనేం తప్పు మాట అన్నానో తెలియలేదు. నువ్వు కోపం వస్తే అరుస్తావు, ప్లేట్లు గట్టిగా పెడతావు. ఇలా ఊరుకోవు. అందుకే భయం వేసింది.

ఆ భయంలో ఇంకోటి కలిసింది. అది కూడా చెప్పేస్తాను.

మా తరగతిలో లాహ్యా అని ఒకావిడ ఉంది, డెబ్భై దాటాయి. 1944లో కౌవొలా స్టేషన్లో కరేలియా నుంచి వచ్చే వాళ్ళకి సూపు పోసిన ఆడవాళ్ళలో ఆవిడ ఒకతె. మొన్న కాఫీ తాగేటప్పుడు నా కథ విని, "అప్పుడు ఎన్ని చూశామని నాయనా. ఒకామె బిడ్డ రైల్లోనే పోయాడు. ఇంకో బోగీలో తల్లి పోయిన పసిగుడ్డు ఉంది. నర్సు ఆ పసిగుడ్డుని తెచ్చి ఈమె ఒళ్ళో పెట్టింది. రైలు కదిలిపోయింది. ఏ ఊరు వాళ్ళో, ఏమయ్యారో" అంది. అని బిస్కెట్ కాఫీలో ముంచుకుంది. నా కప్పు మాత్రం అలాగే చల్లారిపోయింది.

కాత్యాతో ఫోన్లో చెబితే అది నవ్వేసి, "నాన్నా, ఇంట్లో అందరూ గోధుమరంగు జుట్టువాళ్ళు, నువ్వొక్కడివే బొగ్గు. నాకెప్పుడూ అనుమానమే" అంది. అది వేళాకోళానికే అంది. కానీ ఇంటికొచ్చి అద్దంలో చాలాసేపు చూసుకున్నాను.

నువ్వు అమ్మ పక్కన లేవన్నావు. ఆ సంగతి అడగొద్దన్నావు. అమ్మ కూడా ఎప్పుడూ ఆ ఒక్క వాక్యంతో ఆపేసేది. అక్కా, ఒక్క మాట చెప్పు చాలు. నేను అమ్మ కడుపున పుట్టినవాణ్ణేనా? కాకపోయినా నాకు బాధ లేదు. అంటే, ఉంటుంది. కానీ తెలియాలి.

విల్యో


ఇల్మాయోకి,
1997 మార్చి 27

ఓరి పిచ్చి సన్నాసీ!

ఫోన్ తీసి నంబరు సగం తిప్పి పెట్టేశాను. ఫోన్లో అయితే ఏడుపొస్తుంది, కాగితం మీదైతే తిట్టొచ్చు.

నువ్వు అమ్మ కొడుకువే. ఆ నల్ల జుట్టు అమ్మ నాన్నది. ఆయన నువ్వు పుట్టకముందే పోయాడు, ఫొటోలన్నీ హౌక్కలాలో ఉండిపోయాయి, అందుకే నువ్వు చూడలేదు. ఆయన్ని ఊళ్ళో 'కాకి' అని పిలిచేవాళ్ళు. ఆ కాకి ముక్కే నీ ముఖం మధ్యన ఉంది. అద్దంలో అంతసేపు చూసుకున్నావుగా, అది కనబడలేదా?

నాయనమ్మ చెప్పింది నాకు గుర్తుంది, ఆ ప్రయాణం జోలికి పోవడం ఇష్టం లేక నాకేం తెలుసని తప్పించుకున్నాను. సైనికుల రైళ్ళకి దారి ఇవ్వడానికి మీ రైలును ఆపేశారట, సరిగ్గా వంతెన మీద. "తల వచ్చినప్పుడు కింద నీళ్ళున్నాయి, కాళ్ళు వచ్చేసరికి రైలు కదిలి కింద నేల వచ్చింది. వీడు రెండు పరగణాల పిల్లాడే, ఎవరికి పన్ను కడతాడో చూద్దాం" అని అందరికీ చెప్పుకుని నవ్వేది. పో, వెళ్ళి నీ ఔతికి చెప్పు. తల వీపురి, కాళ్ళు ఊసిమా.

ఇక రెండో సంగతి. నీ ఫిబ్రవరి ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు అనుమానం వచ్చింది. నేను ఆవులతో ఉన్నానంటే నువ్వు పశువుల బోగీ అనుకుంటున్నావు. ఒరేయ్, ఆ రైలుకి పశువుల బోగీ లేదు. అమ్మ నీకు నిజంగా చెప్పలేదా? నాన్న కూడా? నీకు తెలిసే ఎగతాళి చేస్తున్నావనుకుని నేను నెల రోజులు నీ మీద పళ్ళు నూరాను.

నేను నడిచి వచ్చాను.

రైళ్ళు మనుషులకే చాలలేదు. ఆవులు నడిచి రావాలన్నారు, ఎవరో తోలాలిగా. నాన్న యుద్ధంలో ఉన్నాడు, అమ్మ నెలలు నిండి ఉంది, నాయనమ్మ అమ్మని విడవకూడదు. మిగిలింది నేను. పక్కింటి తాహ్వో తాత, ఆయన కోడలు, నేను, మా రెండిళ్ళ ఆవులూ, దారిలో కలిసిన ఇంకెవరెవరి ఆవులో. అమ్మ స్టేషన్ వైపు బండి ఎక్కింది, నేను రోడ్డు వైపు తిరిగాను. "ముస్తిక్కిని ముందు పెట్టు, మిగతావి దాని వెనకే వస్తాయి" అంది అమ్మ. అదే వీడ్కోలు.

ఇమాత్రా దగ్గర వంతెన దాటాం. పగలు విమానాలు వస్తే చెట్లలోకి తోలేవాళ్ళం. ఆవుకి విమానమంటే ఏం తెలుసు? మేత మధ్యలో ఆపితే కోపం దానికి. పాలు పిండకపోతే పొదుగులు పగిలిపోతాయి, పిండితే పోయడానికి గిన్నె లేదు. నేల మీదికి పిండేశాం. దారిలో ఎదురైన సైనికులు హెల్మెట్లు పట్టారు. నా చేతులు వాచి, చెంచా పట్టుకోలేకపోయేదాన్ని. జమీందారిణికి పాలకేం తక్కువ లేదు, ఆ మాట నిజమే.

ముస్తిక్కికి గిట్టలు అరిగిపోయి రక్తం వచ్చింది. సావితాయిపలె దగ్గర సైన్యం వాళ్ళు కుంటి పశువులన్నిటినీ తీసేసుకున్నారు, మాంసానికి. అది నా వైపు తిరిగి తిరిగి చూస్తూ పోయింది. నేను చూడలేదని చెప్పాలని ఉంది, కానీ చూశాను.

నీ పరగణాల పిచ్చికి పనికొచ్చేది ఒకటి ఉంది. సావితాయిపలె దాటాక దారి పక్కన ఒక గుర్తురాయి వచ్చింది. తాహ్వో తాత ఆగి టోపీ తీశాడు. "ఇదిగో పిల్లా, ఇక్కడితో మన వీపురి పరగణా అయిపోయింది" అన్నాడు. నేను వెనక్కి చూశాను. ముందుకి చూశాను. రెండు వైపులా ఒకటే పైన్ చెట్లు, ఒకటే దుమ్ము. "ఏం తేడా లేదే తాతా?" అన్నాను. "ఆవుకి లేదు. దానికి గడ్డే పరగణా" అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. ఆవులు ఆగకుండా రాయి దాటిపోయాయి.

అవతల మొదటి ఇంట్లో నీళ్ళడిగాం. ఆ ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "ఎక్కణ్ణించి వస్తున్నారు?" అంది. "వీపురి పరగణా నుంచి" అన్నాను. "అది ఇప్పుడు ఎక్కడుంది?" అంది. వెక్కిరింత కాదు, రేడియోలో రోజుకో మాట చెబుతుంటే ఆవిడకి నిజంగానే తెలియక అడిగింది. నేను వచ్చిన దారి వైపు చెయ్యి చూపించాను. మా ఆవులు లేపిన దుమ్ము ఇంకా దిగలేదు. ఆవిడ అటు కాసేపు చూసి, లోపలికి వెళ్ళి బకెట్టెడు మజ్జిగ తెచ్చింది, రొట్టె తెచ్చింది. ఆవుల్ని తన కోత మైదానంలోకి వదలమంది. ఎండుగడ్డి చేసుకోవాల్సిన మైదానం అది! ఆవిడ పేరు అడగలేదు నేను. అంత ఆకలి.

మంత్యుహర్యులో పశువుల్ని రైలెక్కించారు, నన్నూ వాటితోనే. కాబట్టి నువ్వన్న బోగీ ప్రయాణం కూడా చేశాను, కాకపోతే నీ వంతెన మీదుగా కాదు. అక్కణ్ణించి ఇల్మాయోకి. అమ్మా నువ్వూ అప్పటికే ఇక్కడ ఒక ఇంట్లో ఉన్నారు.

చాలు. బావ ఆవిరి స్నానానికి సౌనా వేడెక్కిందని పిలుస్తున్నాడు. ఒకసారి పిలిచాడంటే ఆయనకి అది ఉపన్యాసమే.

సైమి


కౌవొలా,
1997 ఏప్రిల్ 6

అక్కా,

నీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

నాకు నిజంగా తెలియదు. ఇంట్లో ఎప్పుడు చెప్పుకున్నా 'మనం రైల్లో వచ్చినప్పుడు' అనే మొదలయ్యేది. ఆ 'మనం'లో నువ్వు కూడా ఉన్నావనుకున్నాను. ప్రభుత్వం ఇక్కడ భూమి ఇవ్వడంతో మనవాళ్ళు కౌవొలా వైపు వచ్చేసరికి నువ్వు అక్కడే పనికి కుదిరావు, తర్వాత బావ. నేను ఎరిగేసరికి నువ్వు క్రిస్మస్‌కి వచ్చే అక్కవి.

తరగతిలో నా తల కాళ్ళ సంగతి చెప్పాను. ఔతి పొట్ట పట్టుకుని నవ్వింది. యుద్ధం తర్వాత నదికి అవతలి ఊళ్ళని కూడా క్యూమిలోనే కలిపారట, ఇప్పుడు మొత్తం దక్షిణ ఫిన్లాండ్‌లోకి పోతోంది. "విల్యో, సెప్టెంబరుకి మీ తలా కాళ్ళూ ఒకే పరగణాలోకి వస్తాయి, ఆరోగ్యం బాగుపడుతుంది" అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత నువ్వు నడిచిన సంగతి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. లాహ్యా మాత్రం, "మీ అక్కగారు ఏం చెప్పులు వేసుకున్నారు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఇంటికొచ్చేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

అందుకని ఇప్పుడు నేనే అడుగుతున్నాను. ఏం చెప్పులు వేసుకున్నావు? కాళ్ళు నొప్పి పుట్టలేదా? ఎక్కడ పడుకునేవాళ్ళు? వాన వస్తే? ఆవులు రాత్రి పారిపోలేదా? తాహ్వో తాత చివరిదాకా వచ్చాడా? నీకు భయం వేసినప్పుడు ఏం చేశావు? అమ్మ నిన్ను చూడగానే ఏమంది?

నిన్న సెలవు. కారు తీసుకుని సావితాయిపలె వెళ్ళాను. నువ్వు చెప్పిన రాయి కోసం దారి పక్క మంచులో మోకాళ్ళ దాకా దిగి వెతికాను. ఒక ట్రాక్టరు ఆపి ఒకాయన, "ఏం పోగొట్టుకున్నారు?" అన్నాడు. "పరగణా" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. రాయి దొరకలేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు తీసేశారేమో. వేసవిలో మంచు లేనప్పుడు మళ్ళీ చూస్తాను. నువ్వు వస్తే ఇద్దరం చూద్దాం. ఇమాత్రా నుంచి మంత్యుహర్యు దాకా నేను తీసుకెళ్తాను. రష్యా వైపు వెళ్ళక్కర్లేదు, నీకు ఇష్టం లేదని తెలుసు. ఇటువైపు దారి మాత్రమే.

బావ ఆపరేషన్ రోజు ఫోన్ చేస్తాను. ఏడుపొచ్చినా ఫరవాలేదు, తియ్యి.

విల్యో


ఇల్మాయోకి,
1997 మే 4

తమ్ముడూ,

బావ లేచి కర్రతో తిరుగుతున్నాడు. డాక్టరు ఎలా ఉందని అడిగితే "ఉంది" అన్నాడు. డాక్టరు కూడా ఇక్కడివాడే, దాంతో తృప్తిపడ్డాడు.

నీకు జవాబు రాయడానికి నెల పట్టింది. రాద్దామని కూర్చుంటే ఒక్కో ప్రశ్న దగ్గరే పూట గడిచిపోయింది. ఇన్నేళ్ళలో నన్ను ఇవి ఎవరూ అడగలేదురా. అడగలేదు కాబట్టి నేనూ అటు చూడలేదు.

పడుకునేది గడ్డివాముల్లో, లేకపోతే ఆవుల మధ్యనే. ఆవు ఒళ్ళు పొయ్యిలా వెచ్చన. భయం వేసినప్పుడు లెక్కలు అప్పజెప్పుకునేదాన్ని, ఎక్కాలు. ఇప్పటికీ డాక్టరు దగ్గర కూర్చుంటే ఏడో ఎక్కం వస్తుంది నోటికి. తాహ్వో తాత మంత్యుహర్యు దాకా వచ్చాడు. అక్కడ రైలు పక్కన నిలబడి ప్రతి ఆవు ముక్కు మీదా చెయ్యి వేసి, నా ముక్కు మీదా వేశాడు. ఆయన కోడలు సావొ వైపు బంధువుల దగ్గరికి తీసుకెళ్ళింది ఆయన్ని. మళ్ళీ చూడలేదు.

అమ్మ ఏమందని అడిగావు. ఇన్నేళ్ళూ నాకు గుర్తున్నది ఒక్కటే. పశువుల్ని తోలుకుని ఆ ఇంటి ఆవరణలోకి వచ్చాను. అమ్మ బావి దగ్గర ఉంది. తలెత్తి, నన్ను దాటి ఆవుల వైపు చూసి, "ముస్తిక్కి ఏదీ?" అంది. నా పేరు కాదు. ముస్తిక్కి. ఆ మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. భూమి వచ్చి మీరంతా కౌవొలా వెళ్ళేటప్పుడు నేను ఇక్కడే ఉండిపోవడానికి పని ఒక కారణం, ఆ ముల్లు ఒక కారణం. బావకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు నీ ప్రశ్న. చెప్పులు.

నాన్న పాత బూట్లు వేసుకున్నాను, అడుగులు ఊడిపోయాయి. తర్వాత గోనె చుట్టుకున్నాను, తాడుతో కట్టుకుని. నొప్పి పుట్టలేదా అంటే, మొదట్లో పుట్టింది, తర్వాత కాళ్ళు నావి కాకుండా పోయాయి. ఇది రాస్తుంటే, ఆ గోనె ఎప్పుడు విప్పాను, ఎక్కడ విప్పాను అని ఆలోచించాను. పెన్ను పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళాను, కాఫీ పెట్టాను. కాఫీ పొంగిపోయింది, నేను చూస్తూనే ఉన్నాను.

నేను విప్పలేదు విల్యో. అమ్మ విప్పింది.

ముస్తిక్కి ఏదీ అన్న తర్వాతే ఇదంతా. అమ్మ కిందికి చూసింది. బకెట్ వదిలేసింది, అది బావిలో పడిన చప్పుడు కూడా ఇప్పుడు గుర్తొస్తోంది. నన్ను గడ్డిలో కూర్చోబెట్టింది. బేసినుతో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి నా కాళ్ళు అందులో పెట్టింది. గోనె చర్మానికి అతుక్కుపోయింది, లాగితే రాలేదు. గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర తెచ్చి, కొంచెం కొంచెంగా, నాననిస్తూ, కత్తిరిస్తూ, ఆ మధ్యాహ్నమంతా అలాగే కూర్చుంది. తల వంచుకుని ఉంది, ముఖం నాకు కనబడలేదు. నాయనమ్మ గుమ్మంలోంచి, "ఒసేయ్, చంటిపిల్లాడి తల్లివి, అలా ఏడవకు, పాలు చేదెక్కుతాయి" అని అరిచింది.

అప్పుడు తెలిసింది నాకు, అమ్మ ఏడుస్తోందని. అప్పుడు తెలిసి, ఆ తర్వాత ఎలా మరిచిపోయానో తెలియదు. ముస్తిక్కి మాట మిగిలింది, ఈ మాట పోయింది.

నువ్వు ఆ పక్కనే గడ్డి మీద దుప్పటిలో పడి ఉన్నావు. ఆకలేసి, ఆ నల్ల జుట్టు కింద ముఖం ఎర్రబడేదాకా గుక్కపట్టి ఏడుస్తున్నావు. నీ దగ్గరికి ఎవరూ రాలేదు. అమ్మ కూడా లేవలేదు. రెండో కాలు పూర్తయ్యేదాకా లేవలేదు.

బావకి ఇదంతా చదివి వినిపించాను. ఆయన "వెళ్ళిరా" అన్నాడు.

ఆగస్టు ఆఖర్లో వస్తాను. ఇమాత్రా నుంచి మొదలుపెడదాం. రాయి దొరికినా సరే, దొరక్కపోయినా సరే. మజ్జిగ పోసిన ఆ ఇంటి దగ్గర కాస్త ఆపు, తలుపు కొట్టి పేరు అడుగుతాను, ఇప్పుడు ఎవరుంటే వాళ్ళనే. కారులో ముందు సీటు నాది. ఈసారి ఆ దారంతా కూర్చుని వెళ్తాను.

అక్క
సైమి